ఏడో తరగతి బయోడేటా

జూలై 3, గురువారం

ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే, ముందుగా నా అక్షరాలు చూసి నన్ను క్షమించండి. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు తప్పుతాయి, వరసలు వంకరపోతాయి. కంప్యూటర్లో అయితే తప్పు కొట్టినా తుడిచేసి మళ్ళీ కొట్టుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కాగితం మీద కొట్టివేత కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనీ. ఎవరో మా షాపుకి జిరాక్సు కోసం వచ్చి మరిచిపోయిన రూళ్ల పుస్తకం ఇది. మూడు నెలలు చూశాను, ఎవరూ రాలేదు. ఇప్పుడు నాది.

ఈ రోజు మధ్యాహ్నం సంబంధాలు చూసే నరసింగరావు గారు ఇంటికి వచ్చారు. శ్రావణం రాగానే మా ఆడపడుచు అనూరాధకి చూపులు మొదలుపెట్టాలట. బయోడేటా కావాలన్నారు. అత్త వక్క నములుతూ నా వైపు చూసింది.

"ఒసే టెన్త్ పాసూ! మీ ఆయన కంప్యూటరు నేర్పీసినాడు గదా. నా కూతురి కాయితం నువ్వే కొట్టు. మీ బాబు కొట్టించినట్టు కాదు. నిజం కొట్టు."

నరసింగరావు గారు పొట్ట కదిలేలా నవ్వారు. అనూ నవ్వలేదు. మా ఆయన ఫోన్లో ఏదో చూసుకుంటున్నారు.

నరసింగరావు గారు చెప్పులేసుకుంటూ, "వర్డులోనే పంపమ్మా. పీడీఎఫ్ నాకొద్దు. వర్డయితే మనకి వీలు," అన్నారు.

వీలు. సాయంత్రం నుంచి ఆ మాటే నములుతున్నాను.

జూలై 4

నాకు టెన్త్ పాసు అనే పేరు ఎలా వచ్చిందో రాస్తే కోపం చల్లారుతుందేమో. చల్లారకపోయినా పరవాలేదు.

మూడేళ్ల కిందట పాతపట్నం బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా వివరాలు కొట్టించాడు. చదువు దగ్గరకొచ్చేసరికి షాపతను, "టెన్త్ అని పెట్టీమా? అందరూ అలగే పెడతారు," అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"ఏడు అనే కొట్టు బాబూ. సదువు కాడ అబద్దం ఆడితే రేపు పిల్ల తలొంచుకోవాల."

ఏడు అనే కొట్టాడు. నేను కళ్ళారా చూశాను. అది షాపతని ఫోన్లోంచే నరసింగరావు గారికి వెళ్ళింది. ఆయన దగ్గర్నుంచి వీళ్ళింటికి వచ్చింది.

పెళ్ళయిన రెండో నెలలో ఇక్కడ అంగన్‌వాడీ పోస్టు పడింది. టెన్త్ సర్టిఫికెట్ తెమ్మంది అత్త. లేదన్నాను. ట్రంకు పెట్టె తెరిచి ఒక కాగితం తీసింది. నా ఫోటో, నా పేరు, మా నాన్న జోగయ్య పేరు, మా ఊరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చదువు దగ్గర పదో తరగతి పాస్ అని ఉంది.

నాన్నని పిలిపించారు. అరుగు మీద కూర్చోబెట్టి, వీధివాళ్ళందరూ వింటుండగా అత్త అడిగింది. "నాను ఏడనే సెప్పినానమ్మా," అన్నాడు నాన్న. "మరి ఈ పది దెయ్యం కొట్టిందేటి?" అంది అత్త. పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. నాన్నది బటన్ల ఫోను, ఆ ఫైలు మా దగ్గర లేదు. పాతపట్నంలో ఆ షాపు ఎత్తేశారు. ఏం చూపిస్తాడు? ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా లేచాడు. "నా మాట నిజమని ఈ అరుగు మీదే ఎవులైనా సెప్పినరోజున వస్తానే తల్లీ," అన్నాడు నాతో.

మూడేళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. కంటి ఆసుపత్రికి విశాఖ వెళ్ళేటప్పుడు గుణుపురం పాసింజరులో వెళ్తాడు. ఆమదాలవలసలో అది రెండు నిమిషాలు ఆగుతుంది. నేను కిటికీలోంచి కేరేజీ అందిస్తాను. బాగున్నావా, బాగున్నాను. బండి కదులుతుంది. నాకూ మా నాన్నకీ మిగిలింది ఆ రెండు నిమిషాలే.

నాన్న అబద్ధం ఆడలేదు. ఎవరో ఏడుని పది చేశారు. వర్డయితే వీలు అన్నవాడే చేశాడు. ఇంకెవరు చేస్తారు?

జూలై 7, సోమవారం

నాకు కంప్యూటర్ నేర్పింది మా ఆయన. ఆ సంగతి న్యాయంగా రాయాలి. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకని స్టేషను రోడ్డులో మా షాపులో ప్లైవుడ్ అడ్డం పెట్టించి, దాని వెనక నన్ను కూర్చోబెట్టారు. నేను కొట్టిన కాగితం ముందుకి వెళ్తుంది, నేను వెళ్ళను.

ఈ రోజు ఒకాయన పాత తెలుగు ఫాంటులో కొట్టించిన అర్జీ పెన్‌డ్రైవులో తెచ్చాడు. మా కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలు. ఆయన లబోదిబోమన్నాడు. అంతా మళ్ళీ కొట్టాను. పంచాయతీ ఆఫీసులో పంపమన్నారంటే పాతరకం వర్డు ఫైలు, డాక్‌లో కూడా ఒకటి తీశాను, వాళ్ళ కంప్యూటరు ముసలిది, కొత్త ఫైలు తెరుచుకోదు.

భోజనాల వేళ మా ఆయన్ని అడిగాను, వర్డుకీ పీడీఎఫ్‌కీ అసలు తేడా ఏమిటని. తెలిసే అడిగాను.

"మనం మార్చుకోవాల్సింది వర్డులో దాసుకోవాల. అవతలోడికి ఇచ్చింది పీడీఎఫ్‌లో ఇవ్వాల," అన్నారు.

"అవతలోళ్ళకి వర్డు ఇస్తే?"

"నీ మాట ఆడి సేతిలో ఎట్టీసినట్టే. ఆడు ఏటి మార్సినా నువ్వు అన్నట్టే ఉంటాది."

అది చెబుతూ ముద్ద కలపడం ఆపారు. పచ్చడి కావాలేమో అని వేశాను. వర్డు ఫైలు కలిపిన పిండి, ఎవరు వేలు పెట్టినా గుంట పడుతుంది. పీడీఎఫ్ కాల్చిన అట్టు. అంతే అనుకున్నాను. నా మనసంతా నరసింగరావు మీద ఉంది.

జూలై 8

ఈ రోజు మూడుసార్లు టెన్త్ పాసు. ఒకసారి పాలవాడి ముందు.

జూలై 9, బుధవారం

అనూ బయోడేటా మొదలుపెట్టాను. అనూ డిగ్రీలో రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి.

"బీఎస్సీ పాసనే కొట్టు. ఎవులు సూస్తారు?" అంది అత్త.

నేను తల ఎత్తి చూశాను.  అత్తకి కూడా ఏదో తట్టినట్టుంది, "రెండు సబ్జెట్లే కదే. నీలాగ మూడు క్లాసులు కాదు గదా," అంది.

అత్త వెళ్ళాక అనూ పక్కన కూర్చుంది. "వదినా, ఉన్నదే కొట్టు. రేపు ఆళ్ళింట్లో నన్ను బీఎస్సీ పాసూ అని పిలిస్తే నాను నీలాగ ఊరుకోను. కుండలు పగిలిపోతాయి."

నవ్వొచ్చింది. చాలా రోజులకి.

నేను ఒక ఉచ్చు వేశాను. రెండు సబ్జెక్టులు మిగిలాయి అని ఉన్నదున్నట్టు కొట్టి, పీడీఎఫ్ ఒకటి తీసి నా దగ్గర దాచుకున్నాను. వర్డుది నరసింగరావుకి పంపాను. వేలు పెట్టనీ. ఈసారి ఆ వేలు పట్టుకుని వీధిలోకి ఈడుస్తాను. పది మందిలో మాట రాని దాన్ని కదా, ఆ రోజు వస్తుంది. ఏం అనాలో కూడా అనుకున్నాను. పడుకున్నప్పుడు పెదాలు కదులుతుంటే మా ఆయన అడిగారు, ఏం జపం చేస్తున్నావని.

జూలై 12, శనివారం

జరిగింది జరిగినట్టే రాస్తాను. 

నరసింగరావు షాపుకి వచ్చాడు. మా ఆయన శ్రీకాకుళం వెళ్ళారు, పేపరు బండిళ్ళకి. నేను అడ్డం వెనక నుంచి బయటికి వచ్చాను. వచ్చి నిలబడి అడిగాను. "బాబాయిగారూ, నా బయోడేటాలో ఏడుని పది చేసింది మీరేనా?"

ఆయన నోరు తెరిచాడు. కోపం వచ్చింది ఆయనకే.

"నానా? గౌరమ్మా, నాకు ఆ ఫోన్లో పక్కోడికి తోయడం తప్ప ఇంకేటి వచ్చు? ఫైలు తెరవడమే రాదు. మా మనవరాలు తెరిచి సూపిస్తాది."

"మరి వర్డే కావాలని ఎందుకు అడుగుతారు?"

"నాకేటి తెల్సు వర్డూ గిర్డూ! మీ ఆయనే సెప్పినాడు. మీ సంబంధానికే. ముందు మీ బాబు పీడీఎఫ్ పంపినాడు. నాను గిరికి తోసినాను. 'మావా, ఇది వద్దు, వర్డులో తెప్పించు, అదయితే వీలు' అన్నాడు. సరే గావాల అనుకున్నాను. సదువుకున్న గుంటడు గదా. అప్పట్నుంచి అందర్నీ వర్డే అడుగుతున్నాను."

ఆయన అనూ ఫైలు కూడా చూపించాడు. ఒక్క అక్షరం మారలేదు.

ఆయన వెళ్ళాక కంప్యూటర్లో బయోడేటా అని వెతికాను. పాతవి అనే ఫోల్డరులో నా పేరుతో రెండు. ఒకటి పాతపట్నం నుంచి వచ్చింది. అందులో ఏడు. రెండోదాంట్లో పది. ఆ రెండో ఫైలు వివరాలు తెరిచాను. చివరిగా మార్చినవాళ్ళ పేరు ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే గాని రాదు. కానీ ఆ నాలుగు అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు. రోజూ పొద్దున్న కంప్యూటర్ వేయగానే తెర మీద వచ్చే పేరే అది.

గిరి.

తారీఖు మా పెళ్ళిచూపులకి ముందురోజుది.

జూలై 13

వండాను. తిన్నారు. చారు బాగుందన్నారు.

జూలై 14, సోమవారం

నాకు కోపం లేదు. కోపం ఉంటే గిన్నెలు పడేస్తాం, ఏడుస్తాం. నేను ఏమీ చేయలేదు. ఆయన చొక్కా కూడా ఇస్త్రీ చేశాను.

మూడేళ్ళ నుంచి అత్త నన్ను ఆ పేరుతో పిలిచినప్పుడల్లా ఆయన ఫోన్ చూసుకునేవారు. నేను ఏమనుకునేదాన్ని? పాపం, తల్లికి ఎదురు చెప్పలేక సిగ్గుపడుతున్నారు అనుకునేదాన్ని. ఒక్కోసారి ఆయన మీదే జాలిపడేదాన్ని.

నాకు కోపం లేదు.

జూలై 15

చేశాను.

షాపులో అద్దె అగ్రిమెంటు, అఫిడవిట్టు, కులం సర్టిఫికెట్ అర్జీ, పాస్‌బుక్కు అర్జీ, అన్నీ నమూనాలు వర్డులో ఉంటాయి. పేర్లు మార్చి ప్రింటు తీయడమే పని. అరవై ఏడు ఉన్నాయి. అన్నిటినీ పీడీఎఫ్ చేశాను. వర్డువన్నీ పెన్‌డ్రైవులోకి తోసి, కంప్యూటర్లో తుడిచేశాను. పీడీఎఫ్‌ని కూడా మార్చేవాళ్ళు ఉంటారట, మా షాపులో ఆ సామాను లేదు. పెన్‌డ్రైవుని ప్లాస్టిక్ కవరులో చుట్టి చింతపండు జాడీ అడుక్కి నొక్కాను.

అట్లు కాల్చి పెట్టాను. పిండి కలుపుకుని తినమనండి.

జూలై 18, శుక్రవారం

మూడు రోజులుగా ఆయన అద్దె అగ్రిమెంట్లు మొదటి అక్షరం నుంచి కొడుతున్నారు. బయట జనం. "ఏటి బాబూ, ఇంకా అవలేదేటి? కాయితం కడుపుతో ఉన్నాదేటి?" అని ఒక ముసలాయన. మా ఆయన నుదుటి మీద చెమట. వైరసు అంటున్నారు. నేను అడ్డం వెనక కూర్చుని అవునండి, వైరసే అంటున్నాను.

ఇంత సంతోషం నేను పెళ్ళిలో కూడా పడలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నిజం.

జూలై 19

"నువ్వే సేసినావు కదూ," అన్నారు, షాపు షట్టర్ సగం దించి.

 రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి పెట్టాను. ఏడు. పది.  ఆయన చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ముఖలింగం జాతరలో నిన్ను సూసినాను గౌరీ. మీ నాన్న చెయ్యి పట్టుకుని క్యూలో ఉన్నావు. నరసింగరావు మావ నీ కాయితం పంపేసరికి దేవుడే పంపినాడు అనుకున్నాను. అమ్మ టెన్త్ లేని పిల్ల వద్దు అనీసింది అప్పటికే. ఒక్క అంకె కదా అనుకున్నాను. నువ్వు నాక్కావాలనే సేసినాను."

ఎవరైనా వింటే ముచ్చటపడతారు. నేను కూడా ఒక్క క్షణం పడ్డాను. అది కూడా రాయాలి.

తర్వాత అడిగాను. "మా నాన్నని అరుగు మీద కూర్చోబెట్టినప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"లోపల."

"ఏటి సేస్తన్నారు?"

ఆయన సగం దించిన షట్టర్ వైపు చూశారు.

"ఏటి సేస్తన్నారు?"

"తలుపు ఎనకాల నిలబడ్డాను," అన్నారు.

"నేను కావాలి. మా నాన్న అక్కర్లేదు," అన్నాను. ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడవలేదు నేను.

రెండు ఫైళ్ళూ ఒకే కాగితం మీద ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. "గురువారం సాయంత్రం పాసింజరులో నాన్న కంటి ఆపరేషను చేయించుకుని విశాఖ నుంచి తిరిగి వస్తాడు. ఆయన్ని దింపి, ఆ అరుగు మీదే, అత్త ముందు చెప్పాలి. నోటితో కాదు. రాసి, సంతకం పెట్టి, చదవాలి. లేదంటే శుక్రవారం పొద్దున్నకి ఈ కాగితం షాపు అద్దానికి అంటించి ఉంటుంది."

పెళ్ళయ్యాక నేను ఆయనతో ఒకేసారి అన్ని మాటలు ఆడడం అదే మొదలు.

జూలై 21

కాగితం కొట్టారు. "గౌరి బయోడేటాలో చిన్న పొరపాటు దొర్లినది" అని ఉంది. వర్డులో ఉంది కనక నేను మార్చాను. "ఏడుని పదిగా నేను మార్చాను" అని కొట్టి పెట్టాను.

జూలై 22

ఆయన మళ్ళీ మార్చారు. "తెలియక మార్చాను" అని. తెలియక అన్నది తుడిచాను.

మధ్యాహ్నం చూస్తే "పరిస్థితుల వలన" అని కొత్తగా వచ్చింది. తుడిచాను. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను, నేను లేచినప్పుడు ఆయన. ఒకే ఫైలు, ఒకే కుర్చీ.

జూలై 23

పొద్దున్న తెరిచాను. "నేను మార్చాను. మావగారిని తిడుతుంటే విని కూడా నోరు విప్పలేదు" అని ఉంది. రెండో వాక్యం నేను కొట్టలేదు.

వెంటనే పీడీఎఫ్ చేసేశాను. వర్డుది తుడిచేశాను. ఇంక ఎవరూ ముట్టుకోలేరు, ఆయనా, నేనూ.

జూలై 25, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను.

పాసింజరు వచ్చింది. నాన్న కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. నా వెనక అల్లుడిని చూసి మొహం తిప్పుకున్నాడు.

"దిగు మావా," అన్నారు మా ఆయన.

"ఎందుకు?"

"ఇంటికెళ్దాం. అక్కడ సెప్తాను."

"నాను మీ ఇంటికి ఎందుకు రాననీసినానో తెల్దేటి?"

బండి కూత వేసింది. మా ఆయన నా వైపు చూశారు.  నాలిక కొరుక్కుని నిలబడ్డాను. ఆ మాట ఆయనే అనాలి.

"బయోడేటా మార్సింది నానే మావా!" అని అరిచారు. బోగీలో అందరూ ఇటు తిరిగారు. బండి కదిలింది. నాన్న సంచి పట్టుకుని లేచాడు, పక్కనున్న ఆమె, "అల్లుడు తప్పు ఒప్పుకున్నాడు, దిగండి దిగండి, చెయ్యి పట్టుకోండి ఎవులైనా," అని గోల. మా ఆయనే పట్టుకుని దింపారు. నేను కిటికీలోంచి అందించిన కేరేజీ మాత్రం బండిలోనే గుణుపురం పోయింది.

అరుగు మీద నాన్న ఆ రోజు కూర్చున్న చోటే కూర్చున్నాడు. అత్త బయటికి వచ్చింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు, నేను పిలిచాను. అవును, నేనే పిలిచాను. మా ఆయన కాగితం చదివారు. చివర సంతకం దాకా చదివారు.

అత్త మొహం చూడాలని మూడేళ్ళు కలగన్నాను. చూశాను. కొడుకు వైపు చూసింది, కాగితం వైపు చూసింది, లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. నాన్న ముందు పట్టుకుని నిలబడింది.

నాన్న గ్లాసు అందుకోలేదు.

"నాకు సరిగా ఇనపడనేదు అల్లుడా. ఇంకోపాలి సదువు."

నాన్న ఆపరేషను కంటికి. చెవులు బాగానే ఉన్నాయి. మా ఆయన మళ్ళీ చదివారు. అత్త గ్లాసు పట్టుకునే ఉంది.

"ఈది వైపు తిరిగి సదువు బాబూ. ఆ రోజు ఆళ్ళందరూ ఇన్నారు గదా."

మూడోసారి వీధి వైపు తిరిగి చదివారు.  అనూ గుమ్మంలో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. అత్త చేతిలో నీళ్ళు తొణికి పాదాల మీద పడుతున్నాయి.

అప్పుడు నాన్న గ్లాసు అందుకున్నాడు. "ఇలాగియ్యమ్మా," అన్నాడు అత్తతో, మెత్తగానే. గటగటా తాగేశాడు.

జూలై 27, ఆదివారం

నాన్న రెండు రోజులు ఉండి ఈ పొద్దున్న వెళ్ళాడు. కాగితాన్ని మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. సరిగా చదవలేడు, అయినా.

అనూ బయోడేటా రెండు సబ్జెక్టులు మిగిలాయి అనే, ఈసారి పీడీఎఫ్‌లో వెళ్ళింది. అత్త అడ్డం చెప్పలేదు. పొద్దున్న నన్ను పిలవబోయి, "ఒసే టె..." అని ఆగింది. ఆగి, "గౌరీ, పాలు పొంగుతున్నాయి సూడు," అంది.

మా ఆయన రాత్రి అడిగారు, కోపం పోయిందా అని. పోయిందన్నాను.

పోలేదు. అద్దె అగ్రిమెంట్లు ఇంకా మొదటి అక్షరం నుంచే కొడుతున్నారు, కొట్టనీ. నేను పక్కన కూర్చుని సగం కొట్టిపెడుతున్నాను, అది వేరే సంగతి. పెన్‌డ్రైవు తిరిగి ఇవ్వాలో వద్దో దీపావళి దాకా చూస్తాను.

ఈ పుస్తకం దొరికినవాళ్ళకి ఒక్క దండం. చదివితే చదివారు, పొయ్యిలో పెట్టేయండి. దీనికి ఇంకో కాపీ లేదు, ఎక్కడా దాచలేదు. ముఖ్యంగా మా ఆయనకి ఇవ్వకండి. చింతపండు జాడీ సంగతి ఇందులో రాసేశాను.